మొదటిసారి పెద్ద గేమ్స్‌కి వెళ్తున్న స్ప్రింటర్ చెల్లికి

చెల్లీ,

టీమ్ లిస్టులో నీ పేరు చూసి ఎంత సంతోషమేసిందో! వంద, రెండొందల మీటర్లు, పైగా రిలే కూడా. మిగిలిన ఈ కొద్ది రోజుల్లో ఇంకా ఏం చేస్తే టైమింగ్ తగ్గుతుందక్కా అని అడిగావు కదా, సూటిగా చెప్తున్నా, ఇప్పుడిక ఏం చేసినా కొత్తగా వేగం రాదు. రావాల్సింది ఇన్నేళ్ల ప్రాక్టీసులో వచ్చేసింది. దాన్ని చెడగొట్టుకోకుండా స్టార్ట్ లైన్ దాకా తీసుకెళ్లాలి, అంతే. అయితే ఆటలన్నీ ఒకేచోట జరిగే గేమ్స్‌లో అది అనుకున్నంత తేలిక కాదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆటగాళ్లంతా బస చేసే గేమ్స్ విలేజ్‌లో అడుగుపెట్టగానే కళ్లు తిరుగుతాయి. టీవీలో మాత్రమే చూసినవాళ్లు పక్క టేబుల్ దగ్గర కూర్చుని తింటుంటారు, డైనింగ్ హాల్లో ఎంత తిన్నా అడిగేవాళ్లుండరు, ఎటు చూసినా సందడే. అథ్లెటిక్స్ సాధారణంగా గేమ్స్ రెండో సగంలో పడుతుంది కాబట్టి ముందే చేరుకున్న అమ్మాయిలు ఖాళీగా ఉండలేక ఊరికే తిరిగి తిరిగి కాళ్లు బరువెక్కించుకుంటారు, హీట్ (మొదటి రౌండ్ రేసు) రోజు పొద్దున లేచి పిక్కలు ఎందుకు పట్టేశాయో అర్థంకాక ఏడుస్తారు. లోపల తిరిగే బస్సు ఉంటే ఎక్కు, సిగ్గుపడకు. ప్రారంభోత్సవంలో గంటల తరబడి నిలబడాలి, నీ హీట్ ఒకట్రెండు రోజుల్లోనే ఉంటే మానెయ్, వారం గడువుంటే మాత్రం తప్పకుండా వెళ్లు, అలాంటి రాత్రి మళ్లీ మళ్లీ రాదు. తమ పోటీలు అయిపోయినవాళ్లు అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకుంటారు, వాళ్లనీ తప్పుపట్టలేం, నువ్వే ఇయర్ ప్లగ్స్ తీసుకెళ్లు.

పీరియడ్స్ సంగతి టీమ్ మీటింగుల్లో ఎవరూ ఎత్తరు, అందుకే నేను ఎత్తుతున్నా. తేదీలు ఇవాళే లెక్కేసుకో. పోటీ రోజుల్లో పడేలా ఉంటే వెంటనే టీమ్ డాక్టర్‌తో మాట్లాడు, ఆయన మగాయనైనా మొహమాటపడకు. తోటి అమ్మాయి ఇచ్చిన మాత్ర వేసుకుని వాయిదా వేద్దామనుకోవడం మాత్రం అస్సలు వద్దు, అది నీ ఒంటికి పడుతుందో లేదో తెలీదు, నిషేధిత మందుల జాబితాలో ఏముందో ఆ అమ్మాయికీ తెలీదు. ఒకవేళ సరిగ్గా ఆ రోజే వచ్చినా అంతా అయిపోయిందని బెంగపెట్టుకోకు. 2002లో షికాగో మారథాన్‌లో బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ పీరియడ్స్ కడుపునొప్పితో పరిగెడుతూనే ప్రపంచ రికార్డు పెట్టింది.

ఇంకో సంగతి. ఏ రేసులో ఎవరున్నారో చెప్పే స్టార్ట్ లిస్ట్ రాగానే నీ పేరు నువ్వే చూసుకో, ప్రతి ఈవెంట్‌కీ విడివిడిగా. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో నైజీరియా స్ప్రింటర్ ఫేవర్ ఒఫిలి వంద మీటర్లకి అర్హత సాధించి కూడా ఎంట్రీలో పేరు లేకపోవడంతో ఆ రేసు పరిగెత్తలేకపోయింది, రెండొందలు మాత్రమే దక్కింది. మేనేజర్ చూసుకుంటాడులే అనుకోకు, చూసుకుంటే మంచిదే, నువ్వూ చూడు.

హీట్స్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే అమ్మాయిలు ఎక్కువగా ఇక్కడే తెలివిగా ఆలోచించబోయి దెబ్బతింటారు. ఫైనల్ కోసం దాచుకోవాలని చివరి ఇరవై మీటర్లు వదిలేస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో జమైకా స్ప్రింటర్ షెరికా జాక్సన్‌కి ఏమైందో చూడు. వంద మీటర్లలో కాంస్యం గెలిచి ఫుల్ ఫామ్‌లో ఉన్న మనిషి, రెండొందల హీట్‌లో చివర్లో తేలిగ్గా తీసుకుంది, ఇటలీ అమ్మాయి డాలియా కద్దారితో సమానంగా 23.26 వచ్చింది, సెకనులో వెయ్యో వంతుల దాకా వెళ్లి చూస్తే జాక్సన్ నాలుగో స్థానం, రెండొందల నుంచి బయటికి. ప్రపంచంలో అంత గొప్ప స్ప్రింటర్‌కే అలా అయితే మనమెంత? కనీసం నువ్వు క్వాలిఫై అవ్వాల్సిన స్థానంలో ఉన్నావని అటూ ఇటూ స్పష్టంగా తెలిసేదాకా వదలకు. నీ స్థాయికి హీట్ కూడా ఫైనలే అనుకో, ఇందులో అవమానం ఏమీ లేదు.

కాల్ రూమ్ గురించి, అంటే రేసుకి ముందు అందర్నీ పిలిచి కూర్చోబెట్టే గది గురించి, ఎవరూ నీకు చెప్పి ఉండరు. వార్మప్ బ్రహ్మాండంగా చేసి, చెమట పట్టి, ఒళ్లు వేడెక్కి ఉంటావు, అక్కడికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెడతారు. బిబ్ (ఒంటిమీది నంబర్ చీటీ) చూస్తారు, స్పైక్స్ తిప్పి మేకుల పొడుగు చూస్తారు, ఫోన్ తీసుకుంటారు. ఆ తర్వాత చేసేదేం లేదు, ఎదురుగా ఏడుగురు అమ్మాయిలు, ఒకామె తొడలు చరుచుకుంటుంది, ఒకామె నీ కళ్లలోకే చూస్తూ కూర్చుంటుంది, గుండె చప్పుడు నీ చెవులకే వినిపిస్తుంది. ఒళ్లు చల్లబడేది అక్కడే. జాకెట్, ప్యాంటు తీయకు, తీయమనేదాకా అలాగే ఉంచు. ఉన్న కాస్త జాగాలోనే లేచి నిలబడి మోకాళ్లు ఎత్తు, మడమలు ఆడించు. ఇంట్లో ఇప్పటినుంచే ప్రాక్టీస్ చెయ్: పూర్తి వార్మప్ అయ్యాక ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని, లేచి ఒకటే స్టార్ట్ తియ్. మొదట్లో ఘోరంగా వస్తుంది. రానీ.

స్టార్ట్‌లో కాళ్లు ఆనించే బ్లాక్స్ వాళ్లవే ఇస్తారు, నీవి పట్టుకెళ్లనివ్వరు. నీ కొలతలు పాదాల లెక్కలో కంఠతా ఉండాలి. చిన్న మీట్స్‌లో తుపాకీ శబ్దం ఒక పక్కనుంచి వస్తుంది కదా, పెద్ద గేమ్స్‌లో ప్రతి బ్లాక్ వెనకా స్పీకర్ ఉంటుంది, శబ్దం నీ వీపు వెనకనుంచి వచ్చి ఉలిక్కిపడేలా చేస్తుంది, అది ముందే తెలిసుండాలి. శబ్దం తర్వాత 0.1 సెకను లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఒక్కసారికే బయటికి, రెండో అవకాశం ఉండదు. కాబట్టి శబ్దాన్ని ఊహించకు, విను.

పక్క లేన్ అమ్మాయి ముందు కదిలి, ఆమెని చూసి నువ్వూ కదిలి, నీకు కూడా ఎర్ర కార్డు చూపిస్తే? సరిగ్గా ఇదే జరిగింది 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన జ్యోతి యర్రాజీకి, వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో. చైనా అమ్మాయి వూ యాన్నీ ముందు కదిలింది, మొదట ఇద్దరినీ బయటికి వెళ్లమన్నారు. జ్యోతి కదల్లేదు. రీప్లే చూడమని అధికారులతో వాదించింది, ప్రోటెస్ట్ కింద, అంటే నిర్ణయం తర్వాత తేల్చేలా, ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు, అంత గొడవ అయ్యాక కూడా 12.91లో ముగించి మూడో స్థానంలో వచ్చింది, తర్వాత వూని డిస్‌క్వాలిఫై చేస్తే రజతం ఆమెదైంది. నాకు ఆ పతకం కంటే ఆ నిమిషాలు ఎక్కువ ఇష్టం. పరాయి దేశం, స్టేడియం నిండా అవతలి అమ్మాయి అభిమానులు, చుట్టూ అధికారులు, ఒక్కతే నిలబడి తన హక్కు అడిగింది. ఆమెకి రూల్ తెలుసు కాబట్టి అడగగలిగింది. నువ్వూ రూల్స్ చదువు, అర్థం కానివి కోచ్‌ని అడుగు, మర్యాదగా మాట్లాడు కానీ ట్రాక్ దిగిపోకు.

ఫినిష్ దగ్గర లెక్కలోకి వచ్చేది మొండెం, అంటే ఛాతీ భాగం; తల లెక్కలోకి రాదు. జకార్తా 2018 ఏషియన్ గేమ్స్‌లో వంద మీటర్ల స్వర్ణం 11.30, ద్యుతీ చంద్ రజతం 11.32, కాంస్యం 11.33. ముగ్గురి మధ్యా 0.03 సెకను. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42కి కాంస్యం పోగొట్టుకుంది, మూడో స్థానానిది 55.41. లైన్ దాటి రెండడుగులు పోయేదాకా రేసు అవ్వలేదనుకుని పరిగెత్తు, చివరి అడుగులో మాత్రమే ముందుకి వంగు. ఐదు మీటర్ల ముందే వంగితే వేగం పోతుంది.

రిలే సొంత ఈవెంట్లు అయిపోయాక వస్తుంది, అప్పటికి మనసు అలిసిపోయి ఉంటుంది, గెలిచినా ఓడినా. నీకు ముందు పరిగెత్తే అమ్మాయితో రోజూ బాటన్ మార్పిడి చెయ్, వార్మప్ ట్రాక్ మీద జాగింగ్‌లో అయినా సరే. హీట్‌లో ఎవరైనా అడ్డొచ్చి బాటన్ పడిపోతే తీసుకుని రేసు పూర్తి చెయ్యండి, ఏడుపు తర్వాత. రియో ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయిలకి హీట్‌లో పక్క టీమ్ తగిలి బాటన్ జారింది, అయినా తీసుకుని పూర్తి చేసి అప్పీల్ చేశారు, ఖాళీ ట్రాక్ మీద ఒంటరిగా మళ్లీ పరిగెత్తి ఫైనల్‌కి వచ్చి, ఒకటో లేన్‌లోంచి స్వర్ణం కొట్టారు.

రేసయ్యాక డోప్ టెస్ట్‌కి పిలిస్తే కంగారుపడకు, సీల్ ఉన్న సీసా నీ చేత్తోనే తీసుకుని తాగు, ఎవరిచ్చినా మూత తీసినది ముట్టుకోకు.

స్టార్ట్ లిస్ట్ రాగానే నీ హీట్, లేన్ నంబర్ మెసేజ్ పెట్టు. కాల్ రూమ్ ప్రాక్టీస్ ఎలా వస్తోందో కూడా రాయి, మొదటిది ఎంత ఘోరంగా వచ్చినా సరే.

అక్క