అవాయిడ్ చేశాడు అంటే ఏం చేశాడు?

చి. తమ్ముడికి,

నీ కథ అందింది. మొదటిసారి కథ కోసం చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ‘అవాయిడ్ చేయడం’ అన్న మాట కింద ఆరుచోట్ల గీతలు పడ్డాయి. ఇంగ్లీషు మాట అని కాదు. నీ హీరోయిన్ ఫోన్‌లో ‘నన్నెందుకు అవాయిడ్ చేస్తున్నావ్?’ అంటుంది చూడు, అది అలాగే ఉంచు. ఆ వయసు పిల్ల ఇంకెలా అంటుంది! మిగతా ఐదూ కథ చెబుతూ నువ్వు వాడినవి. పేచీ వాటితోనే. వాడు ఏం చేశాడో నాకు కనబడలేదు.

ముఖం చాటేశాడా? జారుకున్నాడా? మాట దాటేశాడా? చాటేయడంలో చాటు ఉంది, దేని వెనకో నక్కిన మనిషి కనిపిస్తాడు. దాటేసేవాడు ఎదురుగానే కూర్చుంటాడు, అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెబుతాడు.

‘తప్పు’ అన్న ఒక్క క్రియ ఎన్ని వేషాలు వేస్తుందో చూడు. తప్పుకున్నాడంటే తనంతట తాను పక్కకు జరిగాడు. తప్పించుకున్నాడంటే వెనక ఎవరో పడ్డారు. పదవి నుంచి తప్పించారంటే పీకేశారని మర్యాదగా చెప్పడం. ఇక ఏ దారీ లేకపోతే ‘తప్పదు’. నీ కథలో పెద్దాయన పెళ్లికి ఒప్పుకునే చోట ఆ పేరా అంతా కొట్టేసి, ఆయన చేత ‘తప్పదుగా’ అనిపించు.

‘నివారించు’ను ప్రకటనలకు వదిలెయ్. ప్రమాదాలను నివారిస్తారు, బాబాయిని కాదు.

నీ ఆడిటర్ పాత్ర కూడా తడబడ్డాడు. తన క్లయింటు చేసేది ‘పన్ను ఎగవేత’ అని ఏ ఆడిటరూ నోరారా అనడు, ‘ట్యాక్స్ ప్లానింగ్’ అంటాడు. ఆదాయం దాచి ఎగ్గొట్టడం నేరం. చట్టంలోని సందుల్లోంచి పన్ను తగ్గించుకోవడం వేరే సంగతి. అయితే పన్ను తప్పించుకోవడమే ముఖ్య ఉద్దేశంగా అల్లిన లావాదేవీలను పక్కన పెట్టేయడానికి 2017 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో గార్ (జనరల్ యాంటీ-అవాయిడెన్స్ రూల్స్) నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఆ సన్నటి గీత మీద నడిచేవాడి భయం నీ కథకి పనికొస్తుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. డిగ్రీ రోజుల్లో మా వీధి చివర కిరాణా కొట్లో ఖాతా ఉండేది. బాకీ పెరిగింది. నేను కొట్టు ముందు నుంచి వెళ్లడం మానేసి, వెనక సందులోంచి, మురిక్కాలవ దాటి బస్టాండుకి పోయేవాణ్ణి. ఒకరోజు అమ్మ ‘బియ్యం నిండుకున్నాయిరా’ అంది. లేవు అనకూడదు కదా, డబ్బా ఖాళీ అయితే నిండుకుందనే అంటాం. సంచి పట్టుకుని వెళ్లక తప్పలేదు. కొట్టాయన త్రాసులో పప్పు పోస్తూ, తలెత్తకుండా అడిగాడు: ‘ఏం బాబూ, మన కొట్టు ముందు రోడ్డేమైనా పాడైందా?’

అంతే. బాకీ అనలేదు, డబ్బు ఊసెత్తలేదు. బియ్యం తూచి, పద్దు పుస్తకంలో రాసుకుని, సంచి నా చేతికిచ్చాడు. సందులోంచి పోయిన నేనూ, లేవు అనని అమ్మా, బాకీ అనని ఆయనా. ముగ్గురం చేసినదానికీ ‘అవాయిడ్’ అని రాసి చూడు, ఎవరు ఎవరో తెలీదు.

ఆ ఐదుచోట్లా మళ్లీ రాసి పంపు. తొందరేం లేదు, దీపావళి లోపు చాలు. అన్నట్టు, ఆ బాకీ ఎప్పుడు తీర్చావని అడుగుతావు నువ్వు. మీ ఊళ్లో వానలెలా ఉన్నాయి?

ఆశీస్సులతో,
మీ అన్నయ్య