ఆ తెలుపు ముందునుంచీ లేదు

వడపళని, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. తాతయ్య పాత్ర బాగా కుదిరింది, దాన్ని ముట్టుకోకు. నన్ను ఆపింది ఒక్క వాక్యం. 1980ల్లో కోడంబాక్కం సినిమా సెట్లో ఆయన పోలరాయిడ్ వాళ్ల ఎస్‌ఎక్స్-70 కెమెరా నొక్కుతాడు, ఫొటోను అక్కడికక్కడే బయటికి ఇచ్చేది. "తెల్ల కాగితం బయటికొచ్చింది, దానిమీద మెల్లగా రంగులు విచ్చుకున్నాయి" అని రాశావు. చదవడానికి హాయిగానే ఉంది. కానీ ఆ ఫొటో తెల్లగా బయటికి రాదు. బొమ్మ వెనకున్న తెలుపు కాగితమూ కాదు.

ఆ రోజుల్లో నేనూ ఆ సెట్ల మీద తిరిగినవాణ్ణే. లంచ్ బ్రేక్ తర్వాత హీరోయిన్ హారం ఏ వైపు ఉందో, బొట్టు ఎంత ఉందో తేడా రాకూడదని కంటిన్యుటీ కోసం తీసేవాళ్లు. కెమెరాలోంచి వచ్చిన ఫొటో నీలం, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉండేది. అందులోంచి మొహం మెల్లగా తేలేది. మీ తాతయ్య చూసింది అదే.

ఎందుకలా అని నువ్వు అడగాలి. రాసేవాళ్లకు ఆ ప్రశ్న చాలా అవసరం.

ఎడ్విన్ లాండ్ కంపెనీ 1948లో అమ్మకానికి తెచ్చిన మొదటి పోలరాయిడ్‌లో ఫొటోను నెగెటివ్ మీంచి, అంటే వెలుతురు పడే పొర మీంచి, ఒలిచి తీసేవాళ్లు. బొమ్మ కాగితం మీద ఉండేది, నెగెటివ్‌ను పారేసేవాళ్లు. 1972లో వచ్చిన ఎస్‌ఎక్స్-70లో ఒలిచేది ఏమీ లేదు. నెగెటివ్ ఫొటోలోపలే ఎప్పటికీ ఉండిపోతుంది. చిక్కంతా అక్కడే మొదలైంది. మనం ఫొటో చూసే వైపునుంచే వెలుతురు కూడా లోపలికి వెళ్లి నెగెటివ్‌ను తాకాలి. మధ్యలో తెల్ల పొర ముందే ఉంటే వెలుతురు వెళ్లదు. అసలు లేకపోతే రంగుల వెనక నల్లటి నెగెటివ్ కనబడి బొమ్మ తెలియదు. అంటే క్లిక్ అయ్యేదాకా ఆ తెలుపు అక్కడ ఉండకూడదు, అయిన వెంటనే ఉండాలి.

అందుకని తెలుపును ఫొటో కింది అంచులో, చిన్న పొట్లంలో దాచారు. అడుగున తెల్ల అంచు వెడల్పుగా ఉండేది దానికోసమే. ఫొటో రెండు రోలర్ల మధ్యనుంచి బయటికొస్తుంటే పొట్లం పగిలి, చిక్కటి క్షారపు పేస్ట్ పొరల మధ్య సమంగా పరుచుకుంటుంది. ఆ పేస్ట్ నిండా టైటానియం డయాక్సైడ్ పొడి. మన గోడల తెల్ల పెయింట్‌లో ఉండేది కూడా అదే. భీమిలి తీరంలో కాళ్లకు అంటుకునే నల్ల ఇసుకలో ఇల్మెనైట్ ఉంటుంది. ఈ తెల్ల పొడిని తయారుచేసేది అలాంటి ఖనిజంలోంచే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే పట్టపగలు బయటికొచ్చే ఫొటోను వెలుతురునుంచి కాపాడటానికి తెలుపు ఒక్కటే చాలదు. అందుకే పేస్ట్‌లో కొన్ని రంగులు కూడా కలిపారు. ఇంటర్ ల్యాబ్‌లో ఫినాఫ్తలీన్ గుర్తుందా? క్షారంలో గులాబీ రంగు, ఆమ్లం పడితే రంగు మాయం. ఇవీ ఆ కోవలోవే. క్షారం ఉన్నంతసేపూ ముదురుగా ఉండి వెలుతురును మింగేస్తాయి. ఫిల్మ్‌లోనే ఒక ఆమ్లపు పొర ఉంటుంది, అది క్షారాన్ని నెమ్మదిగా తగ్గిస్తుంది. ఆ రంగులు వెలిసిపోయాక తెలుపు బయటపడుతుంది. ఈలోగా నెగెటివ్‌లోని రంగులు తెల్ల పొరగుండా పైకి వచ్చి నిలబడి ఉంటాయి. నువ్వు రాసిన "విచ్చుకోవడం" వెనక ఇంత పని ఉంది.

ఈ మధ్య ఇంట్లో ఒక పోలరాయిడ్ ఫొటోను విడదీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. బొమ్మ పల్చటి తోలులా పైకి లేచింది. దాని వెనక తెల్లగా అంటుకున్నదాన్ని మెత్తటి బ్రష్‌తో కడిగేశాను. నీళ్లు పాలలా అయ్యాయి. మిగిలిన పొరను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే నా చెల్లెలి మొహం వెలుతురులో నిండుగా కనిపించింది. నల్లటి ట్రే మీద పరిచాను. మొహం లేదు. కళ్లు, జడలో పూలు, ఏమీ లేవు. కింద తెల్ల కాగితం పెట్టగానే మళ్లీ వచ్చింది. ఆ రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మీ తరం చేతుల్లో ఉన్న ఇన్‌స్టాక్స్ కూడా వెంటనే ఫొటో ఇచ్చే కెమెరానే, కానీ దాని ఫిల్మ్ వేరు. అందులో వెలుతురు వెనకనుంచి పడుతుంది, మనం ముందునుంచి చూస్తాం. కాబట్టి తెల్ల పొరను ఫ్యాక్టరీలోనే పూసేయవచ్చు, పొట్లంలో నల్లటి కార్బన్ ఉంటే చాలు. అందుకే అది తెల్లగా బయటికొస్తుంది. నువ్వు చూసింది బహుశా దాన్నే. చూసినదాన్ని 1980ల్లో తాతయ్య చేతిలో పెట్టేశావు.

ఇదంతా కథలో కుమ్మరించమని చెప్పడం లేదు. టైటానియం పేరు కూడా ఎత్తొద్దు. ఇంకోటి, గట్టిగానే చెబుతున్నాను: ఈ తెల్ల పొరను అమ్మ త్యాగంతోనో, మనిషి మనసుతోనో పోల్చకు. వస్తువును వస్తువుగా ఉండనివ్వు. నీకు చేయాల్సిన పని ఒక్కటే, ఆ వాక్యం తీసేసి బూడిద రంగుతో మొదలుపెట్టు. తాతయ్య దాన్ని చేతిలో పట్టుకుని ఎదురుచూస్తాడు కదా, అప్పుడు ఆయన ఏం చేస్తాడో చూడు. చొక్కా జేబులో పెట్టుకుంటాడా, హీరోయిన్‌కు చూపిస్తాడా? ఊపుతాడని మాత్రం రాయకు, చాలామంది ఊపుతారు గానీ దానివల్ల మేలేమీ లేదు, పొరలు చెడే ప్రమాదం ఉంది. మన ఎండ సంగతి కూడా మర్చిపోకు. ఇప్పుడు అమ్ముతున్న పోలరాయిడ్ ఫిల్మ్‌కు 28 డిగ్రీలు దాటితేనే బొమ్మ పసుపు, ఎరుపు వైపు తిరుగుతుంది. నీ సీను మే నెలలో ఉంది. ఆ హారం, ఆ చీర ఆ ఫొటోలో ఏ రంగులో కనిపించాయో ఆలోచించు.

ఆదివారం సాయంత్రం ఇంటికి రా. నల్ల ట్రే, ఆ పొర రెండూ టేబుల్ మీదే ఉంచుతాను. నీ చేత్తో నువ్వే పరిచి చూడు.

ఆశీస్సులతో,
బాబాయి