నెల రోజుల పిల్లను అంటగట్టిన షాపు: సమాధానం

తమ్ముడూ, నెల్లూరులో కొన్న నెల రోజుల ల్యాబ్రడార్ కుక్కపిల్లకు మూడోనాటికే వాంతులు, రక్త విరేచనాలు అన్నావు. అది పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు, కావచ్చు. షాపుతో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఈరోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. ఒక్క పూట ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు.

డాక్టరు దగ్గర వయసు కూడా రాయించుకో. నెల పిల్ల నోరు తెరిచి చూస్తే ముందువైపు పాలపళ్లు అప్పుడే చిగుళ్లు చీల్చుకుని వస్తుంటాయి, దవడ పళ్లు ఇంకా పూర్తిగా వచ్చుండవు. ఎనిమిది వారాల పిల్ల నోరు అలా ఉండదు. ఆ కాగితమే నీకు బలం, ఎందుకంటే 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. వెళ్లి ఆ సర్టిఫికెట్ చూపించమను. చాలామంది అక్కడే నీళ్లు నములుతారు.

“అమ్మాక మాకు సంబంధం లేదు” అని షాపువాడు అన్నాడన్నావే, ఆ మాట వాట్సాప్‌లో ఉంటే చెరపొద్దు. బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌పే రసీదు చాలు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టు, కాపీ పశుసంవర్ధక శాఖకివ్వు. డబ్బు కోసమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పంజరంలో రామచిలకలు కూడా చూశానన్నావు కదా, అది ఇంకా పెద్ద నేరం. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని అమ్మడమే కాదు, పెంచుకోవడం కూడా కుదరదు. ఫొటోతో అటవీ శాఖకు విడిగా చెప్పు, నీ అర్జీలో కలపొద్దు.