బండి సీటు ఇంట్లో మార్చుకోవచ్చు, కానీ మెత్తటి స్పాంజి కొనకండి

విశాఖ నుంచి బైకు మీద అరకు బయల్దేరితే ఎస్.కోట దాటకముందే కూర్చోలేకపోతున్నాను, సీటు ఇంట్లోనే మార్చుకోవచ్చా, మంచి మెత్తటి స్పాంజి ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. మార్చుకోవచ్చండీ. నేను రెండుసార్లు చేశాను, అందులో మొదటిసారి పాడుచేసుకున్నాను. మెత్తటి స్పాంజి మాత్రం వెతక్కండి, నేను దెబ్బతిన్నది అక్కడే.

నాది 150 సీసీ బండి, రోజూ పెదవాల్తేరు నుంచి గాజువాక వెళ్లొస్తాను. మొదటిసారి వేలితో నొక్కితే లోపలికి దిగిపోయే స్పాంజి రెండంగుళాలది తెచ్చి పాత ఫోమ్ మీద అతికించేశాను. సోఫాలా ఉందని మా వీధిలో అందర్నీ కూర్చోబెట్టి చూపించాను కూడా. బండెక్కి ఇరవై నిమిషాలు వెళ్లాక తెలిసింది సంగతి. కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింద రెండు ఎముకల మీదే పడుతుంది, మెత్తటి స్పాంజి సరిగ్గా ఆ రెండు చోట్లా పూర్తిగా అణిగిపోతే ఇక స్పాంజి ఉన్నా లేనట్టే, పైగా అణగని భాగం మధ్యలో ఉబ్బి ఒత్తుతుంది. ఎత్తు కూడా పెరిగింది. నేను ఐదడుగుల ఐదంగుళాలు, సిగ్నల్ పడితే మునివేళ్ల మీద నిలబడేవాణ్ణి.

రెండోసారి పైన ఏమీ ఎక్కించలేదు, పాత ఫోమ్‌నే కోసి లోపల గట్టి ముక్క పెట్టాను. ఆ ఎముకలు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకోవడం చాలా తేలిక. గట్టి బల్ల మీద అట్టపెట్టె ముక్క వేసి, బండి మీద ఎలా వంగుతారో అలాగే కాసేపు కూర్చుని లేవండి, రెండు గుంటలు పడతాయి. నాకు వాటి మధ్య దూరం 12 సెంటీమీటర్లు వచ్చింది. సీటు ఆ చోట కనీసం అంతకు రెండంగుళాలు ఎక్కువ వెడల్పుగా, బల్లపరుపుగా ఉండాలి. చాలా సీట్లు ట్యాంకు వైపు వాలుగా ఉంటాయి, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారి మళ్లీ వెనక్కి జరుగుతుంటాం, సగం నొప్పి దాంతోనే. ఆ వాలు తీసేయండి. తొడలు ఆనే ముందు అంచుల్ని మాత్రం గుండ్రంగా చెక్కితే కాలు తేలిగ్గా నేలకి అందుతుంది.

లోపల పెట్టడానికి బాండెడ్ ఫోమ్ అడగండి, రంగురంగుల తునకలు కలిపి నొక్కినట్టు ఉంటుంది, పరుపులు చేసే షాపులో మిగులు ముక్కలు చవగ్గా ఇస్తారు. షాపువాళ్లు 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు, అది ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు అన్న లెక్కే గానీ గట్టిదనం కాదు, కాబట్టి అంకె చూడకుండా మోకాలితో నొక్కి చూసి కొనండి. నేను అంగుళం బాండెడ్, దాని మీద అరంగుళం మామూలు ఫోమ్ వేశాను. కోయడానికి యాక్సా బ్లేడు చాలు, అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. రబ్బరు గమ్ము రెండు వైపులా రాసి వేలికి అంటనంతవరకు ఆరనివ్వండి, ఒకసారి అంటుకుంటే ఇక జరపలేరు. ఈ పని మేడ మీదే చేయండి, గదిలో ఆ వాసనకి తల తిరుగుతుంది.

కవర్ వెంటనే కొట్టేయకండి. పాత దుప్పటి చుట్టి తాడుతో కట్టి వారం తిరగండి. నేను అలాగే భీమిలి రెండుసార్లు వెళ్లొచ్చి, ఎడమవైపు కొంచెం ఎక్కువైందని తెలుసుకుని చెక్కాను. చూసినవాళ్లు నవ్వారు, నవ్వనీయండి.

పాత కవర్ కుట్లు విప్పితే అదే కొలత, కాకపోతే సీటు ఆకారం మారింది కాబట్టి కొత్త రెగ్జిన్‌ని ఫోమ్ మీద పరిచి గుర్తులు సరిచూసుకోవాలి. లాగడానికి చుట్టూ రెండంగుళాలు వదలండి. కుట్టడం మాత్రం నేను పెట్టుకోలేదు, ఇంట్లో మెషీన్ మీద సూదులు విరగడం తప్ప ఏం లేదు, కంచరపాలెంలో ఆటో సీట్లు కుట్టే ఆయన 250 రూపాయలకి కుట్టిచ్చారు. కుట్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి, ఫోమ్ ఒకసారి తడిస్తే రెండు రోజులు ప్యాంటు తడుస్తూనే ఉంటుంది, అందుకని కింద పలచటి ప్లాస్టిక్ షీటు వేయండి.

రెగ్జిన్‌ని అరగంట ఎండలో పెడితే సాగుతుంది, మన ఊళ్లో ఎండకి కరువా. దాన్ని సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ బేస్‌కి స్టేప్లర్ గన్‌తో, ముందు కొస మధ్యలో ఒక పిన్ను, వెనక కొస మధ్యలో ఒకటి, తర్వాత కుడి ఎడమలు మార్చి మార్చి కొట్టుకుంటూ పోవాలి. ఒకే వైపు మొదలుపెడితే ముడతలు పోవు. బేస్ మందం చూసుకుని పొట్టి పిన్నులు తీసుకోండి, నాకు 6 ఎంఎం సరిపోయాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి, మొదటిసారి మామూలువి కొడితే సముద్రపు గాలికి ఏడాదిలో తుప్పుపట్టి ఒక పక్క కవర్ లేచిపోయింది.

ఇప్పుడు అనంతగిరి దాకా నాకు ఆపాల్సిన పని లేదు. వెనక సగం ముట్టుకోలేదు కాబట్టి మా ఆవిడ మాత్రం బొడ్డవర దగ్గరే ఆపిస్తోంది.