బెంగళూరు బాల్కనీలో మిరప పూత ఎందుకు రాలిపోతోంది? పెట్టెడు ఆపిల్స్ మిగిలాయి, పచ్చడి పెట్టొచ్చా?

పగలు 35 డిగ్రీలు దాటితే మిరప పూత రాలుతుంది. కానీ బెంగళూరులో వేసవిలో తప్ప అంత వేడి ఉండదు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో అసలు చిక్కు నీడ. మొక్కకు రోజూ కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. నత్రజని ఎరువు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది, కాపు మాత్రం ఉండదు. ఆకులు పైకి ముడుచుకుంటుంటే తామర పురుగు పట్టినట్టే. సాయంత్రం పూట వేపనూనె కలిపిన నీళ్లు ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి.

ఇక ఆపిల్స్. సెప్టెంబర్, అక్టోబర్‌లలో కశ్మీర్, హిమాచల్ పండ్లు దండిగా వస్తాయి కాబట్టి ఈ టెన్షన్ చాలా ఇళ్లలో ఉన్నదే! పచ్చడి పెట్టొచ్చు, గట్టిగా పుల్లగా ఉన్నవైతే మేలు. ఆవకాయలా ఏడాది నిలవ ఉంటుందనుకోకండి. పచ్చిమామిడికున్నంత పులుపు ఆపిల్‌కు లేదు. కోయగానే ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే నల్లబడవు. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినేయండి. మెత్తబడిన పండ్లు జామ్‌కి పనికొస్తాయి. నన్నడిగితే మాత్రం మీ కుండీలో కాసిన పండుమిరపకాయలతో ఆపిల్ రోటి పచ్చడే రుచి.