మార్సియానో ఒక్కసారీ ఓడలేదు కదా, మరి అలీ గొప్ప ఎలా అయ్యాడు?

హెవీవెయిట్ బాక్సింగ్‌లో 49 పోరాటాలకి 49 గెలిచిన రాకీ మార్సియానోని వదిలేసి, ఐదుసార్లు ఓడిన మహమ్మద్ అలీని నెత్తిన పెట్టుకోవడం ఏంటని మీ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

కాలేజీ రోజుల్లో నేనూ కొన్నాళ్లు బాక్సింగ్ చేశాను. నాకంటే బాగా బరువున్న సీనియర్‌తో స్పారింగ్‌కి (సాధన పోటీకి) దిగితే, దెబ్బని గ్లవ్స్‌తో కాచుకున్నా ఆ గ్లవ్సే వచ్చి నా ముక్కుకి తగిలేవి. అప్పట్నుంచీ ఎవరు గొప్ప అనే మాట వస్తే ముందు బరువు చూస్తాను. మార్సియానో రింగులోకి దిగింది 84, 85 కిలోలతో. ఇవాళ 90.7 కిలోల దాకా హెవీవెయిట్ కన్నా కింది తరగతి అయిన క్రూయిజర్‌వెయిట్ కిందే లెక్క. 2024 మేలో రియాద్‌లో ఉసిక్ మీద ఓడిన హెవీవెయిట్ బాక్సర్ ఫ్యూరీ దాదాపు 119 కిలోలు.

ఇక రూల్స్. 1952 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో అప్పటి ఛాంపియన్ వాల్కాట్ మీద టైటిల్ పోరు చూడండి. మొదటి రౌండులోనే మార్సియానో కింద పడ్డాడు. 12 రౌండ్లు అయ్యేసరికి రిఫరీ, ఇద్దరు జడ్జీల స్కోరు కార్డులు మూడింట్లోనూ వెనకే ఉన్నాడు. 13వ రౌండులో ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి విసిరారు, మార్సియానోది జానెడు ముందు చేరింది. వాల్కాట్ ఎడమచెయ్యి తాడుకి చిక్కుకుని అలాగే కిందికి జారిపోయాడు. అప్పట్లో టైటిల్ పోరు 15 రౌండ్లు. ఇప్పటిలా 12 అయ్యుంటే ఆ రాత్రి మార్సియానో ఓడేవాడు, మీరు చెప్పే 49-0 ఉండేదే కాదు! పైగా వాల్కాట్‌కి అప్పటికే 38 ఏళ్లు, అంతకుముందు ఏడాది మార్సియానో ఓడించిన మాజీ ఛాంపియన్ జో లూయిస్‌కి 37.

అలీ ఎవరిని కొట్టాడో చూడండి. తనని ఓడించిన ఫ్రేజియర్‌నీ, నార్టన్‌నీ రెండేసి రౌండ్లలో పడగొట్టినవాడు ఫోర్‌మన్. ఆ ఫోర్‌మన్‌ని 1974లో కిన్షాసాలో, 32 ఏళ్ల వయసులో, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. అదీ సైన్యంలో చేరనన్నందుకు మంచి వయసులో మూడేళ్లకి పైగా తనని రింగుకి దూరం చేశాక.

1969లో కంప్యూటర్‌తో లెక్కలు కట్టించి ఈ ఇద్దరి మధ్య ఉత్తుత్తి పోరు సినిమాగా తీశారు. అమెరికాలో చూపించినదాంట్లో మార్సియానో గెలిచాడు, యూరప్‌కి పంపినదాంట్లో అలీ. దాన్ని మాత్రం సాక్ష్యంగా తేకండి!

నా లెక్కలో అలీ మొదట, టైటిల్‌ని 25 సార్లు కాపాడుకున్న జో లూయిస్ తర్వాత. మార్సియానో ఐదో ఆరో. టైసన్ అభిమానులు కోప్పడినా సరే, హోలీఫీల్డ్ మీదా లెనాక్స్ లూయిస్ మీదా ఓడినవాణ్ణి అంతకన్నా పైన పెట్టలేను.