ఎలుక కిడ్నీలో కల్తీ జాడ

ప్రశ్న: కల్తీ మద్యం ఎలుకల కిడ్నీలను ఎలా దెబ్బతీస్తుందో ఎమ్మెస్సీ ప్రాజెక్టులో చూడాలనుకుంటున్నాం. ఒక గుంపుకు నీళ్లు, ఇంకో గుంపుకు బయట దొరికే సారా ఇస్తే సరిపోతుందా? కల్తీలో కలిసే విషపు ఆల్కహాల్ మిథనాల్ ప్రభావం మనుషుల్లో లాగే కనబడుతుందా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: సరిపోదు. కనబడిన మార్పు కల్తీ వల్లనో, సారాలో మామూలుగా ఉండే ఆల్కహాల్ అయిన ఇథనాల్ వల్లనో చెప్పలేరు. అంతే గాఢతలో శుద్ధమైన ఇథనాల్ ఇచ్చే మూడో గుంపు ఉండి తీరాలి. సారాలో ఏముందో ముందే పరీక్ష చేయించండి. మిథనాల్ ఎంతుందో గ్యాస్ క్రొమటోగ్రఫీ చెబుతుంది. ఏం కలిసిందో తెలియని ద్రవంతో వచ్చిన ఫలితం ఎందుకూ కొరగాదు. జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకనూ ముట్టుకోకండి.

మీ రెండో ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు. మిథనాల్ శరీరంలో ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. మనిషిలో ఆ ఆమ్లం పేరుకుపోయి రక్తం ఆమ్లమయమవుతుంది, చూపు పోతుంది. ఎలుక కాలేయంలో ఫోలేట్ అనే బి విటమిన్ ఎక్కువ కాబట్టి ఆమ్లాన్ని త్వరగా కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. అందుకే పరిశోధకులు ఫోలేట్ పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ మందు ఇచ్చో, ఫోలేట్ లేని మేత పెట్టో ముందుగా ఆ రక్షణను తగ్గిస్తారు. మామూలు ఎలుక తట్టుకుంది కదా అని మనిషికీ ఫర్వాలేదనుకోవడం ప్రమాదకరం.

ఏం కలిపారన్నదాన్ని బట్టి కిడ్నీలో గాయమూ మారుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక రసాయనం అయితే కిడ్నీలోని సన్నని నాళికల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఏర్పడి, సూక్ష్మదర్శినిలో ధ్రువిత (పోలరైజ్డ్) కాంతిలో మెరుస్తాయి. దాని బంధువైన డైఇథిలీన్ గ్లైకాల్ శరీరంలో డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి సమీపస్థ నాళికల (వడపోత జరిగే చోటికి దగ్గరి నాళికల భాగం) కణాలను చంపుతుంది. 1937లో అమెరికాలో అది కలిసిన సల్ఫనిలమైడ్ మందు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. తెలంగాణలో కల్లులో కలిపే మత్తుమందులు ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ల దారి వేరు. మత్తులో గంటల తరబడి కదలకుండా పడి ఉంటే కండరాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ నాళికలకు అడ్డుపడవచ్చు. 2025 జులైలో కూకట్‌పల్లి కల్లు బాధితుల్లో కొందరికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

ఇక స్లైడు. ఎలుక చనిపోయిన కొద్ది నిమిషాల్లోనే కిడ్నీ తీసి, నిలువుగా కోసి, కణజాలానికి కనీసం పదింతల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 24 గంటలకు పైగా ఉంచండి. ఆలస్యమైతే నాళికల కణాలు వాటంతటవే కరిగిపోతాయి, అది విషం చేసిన గాయంలాగే కనబడుతుంది. స్లైడు కోసం కోసే పలుచటి పొర (సెక్షన్) మందం 4–5 మైక్రాన్లు. హీమటాక్సిలిన్-ఇయోసిన్ రంగులతో పాటు పాస్ (పీరియాడిక్ ఆసిడ్-షిఫ్) రంజనమూ చేయండి. నాళిక కణాల లోపలి అంచున ఉండే కుచ్చులాంటి బ్రష్ బార్డర్ ఊడిపోవడం అందులోనే స్పష్టంగా తెలుస్తుంది. కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చెప్పే సీరం క్రియాటినిన్ మీదే ఆధారపడకండి, అది పెరిగేసరికి వడపోత సామర్థ్యం సగానికి సగం పోయి ఉంటుంది. స్లైడ్లు చూసేవారికి ఏది ఏ గుంపుదో తెలియనివ్వకండి.